ఇసుక లారీలను ఆపిన స్యోంబువా

మా ఏట్లో ఇసుక తోడుకుపోయే లారీలను వెనక్కి తిప్పి పంపడం స్యోంబువా సాధించిన మొదటి గెలుపు. సర్కారు తరఫున ఊళ్లు చూసుకునే చీఫ్ ఉద్యోగంలో చేరిన ఏడాదే, డ్రైవర్ల బెదిరింపులకు జంకకుండా ఆ పని చేసింది. ఆ ఇసుక అడుగునే మా ఊరి నీళ్లు. తరవాత ఆడవాళ్లందరి చేతా రాళ్లు మోయించి ఏటికి అడ్డంగా గోడ కట్టించింది. మా మకుయేని కొండల్లో అలాంటి చీఫ్ మరొకరు లేరు.

కౌంటీ ఎన్నికల ముందు పార్టీ మనిషి ముతుకు ఆమె ఇంటికి వచ్చాడు. పెట్టిన మొక్కజొన్న, చిక్కుళ్ల కూడు తింటూ, "గట్టి అభ్యర్థి కోసం వార్డంతా గాలించాం అక్కా. నువ్వు తప్ప ఎవరూ కంటికి ఆనలేదు" అన్నాడు.

"నిలబడాలంటే ఉద్యోగం వదలాలి కదయ్యా?"

"చట్టం అంతే మరి. టికెట్ నీదే, పూచీ నాది."

పక్కింటి న్డుంగే ముసలమ్మ గొణిగింది: "మూడోసారి వడ్డించుకున్నాడు గానీ, ఒక్కసారన్నా నీ మొహంలోకి చూశాడా? టికెట్ చేతికొచ్చాకే ఉద్యోగం మానెయ్యవే."

స్యోంబువా నవ్వేసి ఆ వారమే రాజీనామా ఇచ్చింది. టికెట్ మాత్రం లారీల యజమాని న్గుంబావుకి దక్కింది. మర్నాడే లారీలు ఏట్లోకి దిగాయి. ఆమె అడ్డం నిలబడితే డ్రైవరు తల బయటపెట్టి, "నువ్వింకా చీఫ్‌వనుకుంటున్నావా అమ్మా? పక్కకి జరుగు" అన్నాడు. వాళ్లకు కావలసింది అభ్యర్థి కాదు, ఖాళీ కుర్చీ అని అప్పుడు తెలిసింది ఆమెకు.

ఇప్పుడు మొంబాసాలో చెల్లెలి కొట్లో చేపలు వేయిస్తోంది. ఓటు మాత్రం ఇక్కడే ఉంది. పోలింగు రోజు, ఆగస్టు తొమ్మిదిన వస్తానని కబురు పెట్టింది.