రెప్ప మీద అక్షింత

"కూర్చోమంటావేందప్పా, కూర్చుంటే కాళ్ళు గుంజుతాయి. ఈ కెమెరాకి జూమ్ లేదు. ముఖం పెద్దగా కావాలంటే నేనే ముందుకు పోవాల, మంటపమంతా కావాలంటే నేనే వెనక్కి రావాల. తిరిగి తిరిగి అదే అలవాటైపోయినాది."

చింతామణిలోని తన స్టూడియోలో, పది అడుగుల గదిలో, అంబరీష్ అటూ ఇటూ తిరుగుతూనే నాతో మాట్లాడుతున్నాడు. మెడలో అరచేతికి సరిపోయే నల్లటి కెమెరా. దానికి ఒకటే లెన్సు, అదీ ఊడి రాదు. లోపల బొమ్మను పట్టే సెన్సరు మాత్రం పెద్ద కెమెరాల్లో ఉండేంతదే. టేబులు మీద ఒక కవరు. పక్క నుంచి పోయినప్పుడల్లా దాన్ని కాస్త సర్ది, మళ్ళీ నడక.

ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్న మనిషి. బెంగళూరులో ఒక పెళ్ళికి ఇంకొకరి కింద పనికి పోయినప్పుడు, ఎవరో అతిథి మెడలో ఇలాంటి కెమెరాను మొదటిసారి చూశాడు. ఆ అతిథి జనం మధ్య దూరి ఫోటోలు తీస్తుంటే ఒక్కరూ బిగుసుకోలేదు. ఊరికి వచ్చీ రాగానే అంబరీష్ మూడు లెన్సులూ, మంచి కెమెరా ఒకటీ అమ్మేశాడు. "పాడి ఆవుల్ని అమ్మి కుందేలును కొంటాండావు" అంది భార్య మంజుశ్రీ. ఆ కుందేలు చేతికి రావడానికి కూడా నాలుగు నెలలు పట్టింది.

"ఇంత చిన్నదానికి అంత క్యూ ఎందుకో తెలుసునా? ఫోన్లతో తీసి తీసి అందరికీ విసుగొచ్చినాది. పెద్దది మోసేదానికి ఒళ్ళు వంగదు. ఇదైతే ఏ లెన్సు పెడదామా అనే తలనొప్పి లేదు. ఉండేది ఒకటే, దాంతోనే చూడాల. కావలసినోళ్ళు నూరుమంది, దొరికేది పదిమందికి. నాకూ అదే పిచ్చి పట్టినాది."

ఆ పిచ్చి బెంగళూరు దాటి బాగేపల్లి పక్కన పాతపాళ్యకు ఇంకా చేరలేదు. కిందటి నెల అక్కడి పెళ్ళిలో పెళ్ళికూతురి తండ్రి రామప్ప ఈ కెమెరాను చూసి నవ్వాడు.

"ఏమప్పా, పిల్లోళ్ళ ఆటసామాను తెచ్చినావు? పెద్ద కెమెరా యాడ?"

"దీంట్లోనే బాగా వస్తాది, రామప్పా."

"వస్తే రానీ. చుట్టాలు చూసేది నీ ఫోటోలను కాదు, నీ కెమెరాను."

అంబరీష్ బయటికి నడిచాడు. ఎవరూ కొనక వ్యానులో పడి ఉన్న పాత పెద్ద కెమెరాను తెచ్చి, ఫ్లాష్ తగిలించి, అదీ మెడలో వేసుకున్నాడు. లోపల మెమరీ కార్డు పెట్టలేదు. చూపించడానికే కదా! అది మెరిసి టక్కుమన్నప్పుడల్లా చుట్టాలు కొంగులూ కండువాలూ సర్దుకుని తృప్తిపడ్డారు. అసలు ఫోటోలు మాత్రం చప్పుడు చేయని చిన్నదానితో తీస్తూ పోయాడు. ఉదయమంతా ఆ నాటకం బాగానే నడిచింది.

ముహూర్తం దగ్గరపడింది. గట్టిమేళం మొదలైంది. అంబరీష్ చిన్న కెమెరాతో దగ్గరికి పోతే వెనక వరసవాళ్ళు ఊరుకోలేదు.

"ఓయ్, మేమేం నీ వీపు చూసేదానికి వచ్చినామా? జరుగప్పా!"

రామప్ప కూడా మంటపం మీది నుంచి అరిచాడు. "పెద్దదాంతో తీయప్పా, పెద్దదాంతో!"

ఇరవై రెండేళ్ళ అలవాటు చేతుల్లోకి వచ్చేసింది. వెనక్కి వచ్చి, పెద్దది ఎత్తి, తాళి కట్టినంతసేపూ టకటకా కొట్టాడు. మూడో ముడి పడ్డాక గాని కార్డు సంగతి గుర్తు రాలేదు.

"పెండ్లికి వచ్చినోళ్ళ ఫోన్లన్నిట్లో ఆ తాళి ఉండాది. నా దగ్గర లేదు. ఎవర్నన్నా అడిగి తెచ్చి ఆల్బంలో పెట్టేద్దామా అనుకుంటి. మనసు ఒప్పలే."

కవరులోంచి ఫోటో తీసి నా ముందు పెట్టాడు. కార్డు గుర్తొచ్చిన మరుక్షణం, ఏం చేయాలో తోచక, చిన్నదానితో రెండడుగుల దూరం నుంచి తీసిందట అది. తాళి పసుపు ఇంకా తడిగానే ఉంది. పెళ్ళికూతురి రెప్పకు ఒక అక్షింత అంటుకుంది. రామప్ప తల్లి తిమ్మక్క, చేనిపనికి మొద్దుబారిన రెండు వేళ్ళతో, ఊపిరి బిగబట్టి దాన్ని తీస్తోంది. పెళ్ళికొడుకు లేడు. ఒక అంచున అతని మోచెయ్యి ఉంది, అంతే.

ఫోన్ మోగింది. బెంగళూరు మనిషి. ఈ చిన్న కెమెరా కొత్తది దొరక్క, వాడినదైనా సరే ఇమ్మని వారం నుంచి వెంటపడుతున్నాడు. అంబరీష్ ఫోన్ ఎత్తలేదు, కట్ చేయనూ లేదు. అది మోగినంతసేపూ ఇంకా వేగంగా తిరిగాడు.

"సాయంత్రం లోపల మాట చెప్పమంటాండాడు. రామప్ప ఆల్బం తిప్పి తాళి యాడ అన్నాడంటే, ఆ పక్క పల్లెల్లో ఇంక నన్ను ఎవురు పిలుస్తారు? దీన్ని ఇచ్చేసి మళ్ళీ పెద్దదే మెడకేసుకోవాల. ఇచ్చేదానికేమో చెయ్యి రాదు."

నేను పాతపాళ్యకే పోతున్నానని అతనికి తెలుసు. ఫోటోను మళ్ళీ కవరులో పెట్టి, కవరును నా సంచిలోకి తోసి, సంచిని నా భుజానికి తగిలించాడు.

"రామప్పకు వద్దు. ముందు తిమ్మక్కవ్వకే చూపించు. తాళి కట్టేది ఫోటోలో పడలేదని కూడా చెప్పు, దాచొద్దు. ఆమె ఏమంటాదో, తిట్టినా సరే, అన్నది అన్నట్టే నాకు ఫోన్లో చెప్పాల. దాన్ని బట్టే బెంగళూరాయనకు నా మాట. సాయంత్రం లోపల. లెయ్యప్పా, బాగేపల్లి బస్సు పోతాది!"