షోలవరంలో చప్పుడు తగ్గిందన్న మా బావ

ఇప్పటి ఫార్ములా రేసుల్లో మునుపటి పస లేదని మా బావ పోశం గని క్యాంటీన్‌లో పదిమంది ముందు పంతం పట్టకపోతే నేను మద్రాసు దాకా పోయేవాడిని కాదు. బావ పెళ్లికి ముందు రెండేళ్లు అక్కడ మోటారు వర్క్‌షాపులో పనిచేసి షోలవరం రేసులు చూసినవాడు. తర్వాత గోదావరిఖని వచ్చి గనిలో చేరాడు. మా గని దారి వాలుగా భూమిలోకి దిగుతుంది. పైన ఇంజను గదిలో కూర్చుని బావ ఇనుప తాడుతో పట్టాల మీది బొగ్గు టబ్బులను లాగుతాడు. కింద నుంచి గంట కొట్టేది నేను. ఒక్క గంట కొడితే తాడు ఆగాలి. ఆగకపోతే టబ్బుల ముందున్న మనిషి పని అయిపోయినట్టే.

“బండ్ల ఎనక రేకు రెక్కలు పెట్టిండ్రట. గాలే బండిని నేలకు అదిమి పట్టుకుంటే ఇగ డ్రైవర్ చేసేదేంది?” అన్నాడు బావ. “చూడకుండనే తీర్పు చెప్తున్నవా? పా, పోయి చూసొద్దాం” అన్నాను. ఇద్దరం నాలుగు రోజులు సెలవు పెట్టాం.

గోదావరిఖని నుంచి రామగుండం స్టేషన్‌కు బస్సులో అరగంట. మద్రాసు బండి సాయంత్రం నాలుగు దాటాక వస్తుంది. మూడో తరగతి టికెట్ ఇరవై రూపాయల పైచిల్లర. మీరు పోదలచుకుంటే మంచిర్యాలలోనే ఎక్కండి, కాస్త కూర్చోను చోటు దొరుకుతుంది. మేం రామగుండంలో ఎక్కి వరంగల్ దాకా నిలబడే పోయాం. మా అక్క కట్టిచ్చిన జొన్నరొట్టెలు, పచ్చిపులుసు ఖమ్మం రాకముందే ఖతం. మర్నాడు పొద్దున ఏడింటికల్లా మద్రాసులో దిగాం.

అక్కడి నుంచి రెడ్‌హిల్స్ మీదుగా షోలవరం పోయే బస్సెక్కితే గంటన్నర. కండక్టర్ తెలుగువాడే. వెనక నుంచి “టికెట్, టికెట్” అని రెండుసార్లు అడిగినా బావ పలకలేదు. “ఏమయ్యా పెద్దమనిషీ, కూర్చునే నిద్రపోతావా?” అని భుజం తట్టాడు. రాత్రంతా నిద్రలేదు కదా, అలసిపోయాడనుకున్నాను.

రేసు జరిగేది పాత విమానాల మైదానంలో. గేటు దగ్గర ఒకడు దూది ఉండలు అమ్ముతుంటే పది పైసలకు రెండు జతలు కొన్నాను. “దూదెందుకురా, బాలింతవా?” అని బావ నవ్వి తన జత నా జేబులోనే పెట్టాడు. మలుపు దగ్గర గడ్డిలో కూర్చున్నాం. ఫార్ములా బండి అంటే ఒక్కడు పట్టేంత సన్నటి బండి, నాలుగు చక్రాలూ బయటికే ఉంటాయి. ఓరి దేవుడా, ఆ చప్పుడు! దూది పెట్టుకున్నా నా పళ్లు జివ్వుమన్నాయి. ఎర్రబండి, నీలంబండి ఏడెనిమిది చుట్లు ఒకదాన్నొకటి వదల్లేదు. మలుపులో ఒకటి ముందుకొస్తే తిన్నటి దారిలో రెండోది దాటేసేది. చివరికి ఎర్రబండి ఒక బారెడు తేడాతో గెలిచింది. నేను లేచి కేకలు పెట్టాను.

బావ పెదవి విరిచాడు. “గిదేం రేసు? ఉరుకుతున్నయి గనీ చప్పుడేది? ఆ రోజుల్ల గుండెల దడ పుట్టేది.”

నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం రేసులు ఆపారు. మైదానం సద్దుమణిగింది. ఒకామె గంపలో పెరుగన్నం అమ్ముతూ బావ వెనక నిలబడి, “అన్నా, ఊరగాయ కావాల్నా?” అని మూడుసార్లు అడిగింది. బావ తల తిప్పలేదు. “ఏంది మీ అన్న? పలికితే ముత్యాలు రాల్తాయా?” అని నన్ను కసిరింది. అప్పుడు నాకు బస్సులో కండక్టర్ పిలుపు గుర్తొచ్చింది. పక్కనే ఖాళీ ఆయిల్ డ్రమ్ము ఉంది. రాయి తీసుకుని ఒక్క దెబ్బ కొట్టాను. ఆగమనే గంట అది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడి చూశారు. బావ మాత్రం నిమ్మళంగా అన్నం కలుపుకుంటున్నాడు.

నా పెదవులు కనపడేలా ఎదురుగా పోయి కూర్చున్నాను. “బావా, ఎన్నాళ్ల సంది?”

నా చేతిలో రాయి చూశాడు. ముద్ద విస్తరిలోనే వదిలేశాడు. “ఆర్నెల్లయితాంది. గంట వింటలేనురా, చూస్తున్న. గోడకున్న గంట సుత్తె కదిలితె లెక్కపెట్టుకుంట.”

“మొన్న తాడు ఆగలే. టబ్బు నా కాళ్ల పక్కకెళ్లి పోయింది.”

“చాయ్ గిలాస అందుకుంటున్న. కండ్లు పక్కకు పోయినయి.” ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “తాడు జారిందని చెప్పిన. అబద్ధం.”

నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. మిగతా రేసులు చూడబుద్ధి కాలేదు.

తిరుగు బండిలో విజయవాడ దాటాక బావ నా పక్కకు జరిగాడు. “ఎవ్వలకూ చెప్పకురా బామ్మర్ది. ఇంజను మీదికెళ్లి దింపుతరు, జీతం తగ్గుతది. ముగ్గురు పిల్లలు.”

“చెప్పను,” అన్నాను ఆయన ముఖానికి ఎదురుగా వంగి. “ఎల్లుండి ఫస్ట్ షిఫ్టు. కింద గంట కొట్టేది నేనే. నువ్వే చెప్పు, దిగాల్నా వద్దా?”

రామగుండంలో దిగాక బావ ఇంటి బస్సు ఎక్కకుండా, “దవాఖానకు పోదాం, డాక్టరుకు నేనే చెప్త” అన్నాడు. నెల తిరక్కుండానే ఆయన్ను దీపాల గదికి మార్చారు. గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించే పని అది. జీతం తగ్గిన మాట నిజమే. అక్క మూడు రోజులు నాతో మాట్లాడలేదు, నాలుగో రోజు తనే అన్నానికి పిలిచింది.

ఇప్పటి రేసులు మునుపటంత జోరుగా ఉన్నాయా అని క్యాంటీన్‌లో ఇంకా అడుగుతూనే ఉంటారు. రెక్కలొచ్చాక బండ్లు మలుపుల్లో మునుపటిలా పక్కకు జారవు, డ్రైవర్ తిప్పలు మనకు అంతగా కనిపించవు, అది ఒప్పుకోవాలి. కానీ పోటీ మాత్రం ఊపిరి తీసుకోనివ్వదు. మొన్న దీపాల గది దగ్గర ఎవరో బావకే ఎదురుగా నిలబడి అడిగారు. “రేసు గట్లనే ఉన్నదిరా. నా చెవులే పోయినయి” అన్నాడు అందరి ముందూ, దీపం అందిస్తూ. వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే: గేటు దగ్గర దూది తప్పకుండా కొనండి, మీతో వచ్చినవాళ్లకూ ఇవ్వండి. వాళ్లలో ఎవరైనా దూది లేకుండానే హాయిగా కూర్చుని చప్పుడు చాలలేదంటే, వాదన పెట్టుకోకండి, దవాఖానకు తీసుకుపోండి.