కెమెరా పక్కన స్టూలు

నా చిన్నప్పుడు అమెరికాలోని ఫ్రీమాంట్‌లో మా పక్కింట్లో ఒక ఇటలీ తాతగారు ఉండేవారు. భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారట. సన్నగా, పొడుగ్గా, ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లర్ చుట్టుకుని పెరట్లో టమాటా మొక్కలకు నీళ్ళు పోస్తూ కనిపించేవారు. ఆయన ఒకప్పుడు ఇటలీలో సినిమా డైరెక్టర్ అని వాళ్ళమ్మాయి చెబితే మా అమ్మ నమ్మలేదు. డైరెక్టరంటే కారూ బంగళా ఉండాలి గానీ, పాత చొక్కా వేసుకుని కంచె మీదుగా టమాటాలు అందిస్తాడేమిటని నవ్వేది.

ఒక ఏడాది మా నానమ్మ గుడివాడ నుంచి ఆరు నెలలు ఉందామని మా దగ్గరికి వచ్చింది. నెల తిరక్కుండానే ఆవిడకు మాట తగ్గిపోయింది. అమ్మా నాన్నా పొద్దున్నే ఆఫీసులకు వెళ్ళిపోయేవారు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో, పొద్దున చూసిన చోటే ఉండేది. నేను అమెరికాలోనే పుట్టాను. నా తెలుగు అంతంత మాత్రం. సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడు మా అత్తయ్య పిల్లలు నా మాటలు విని పడీ పడీ నవ్వారు. అప్పటి నుంచి తెలుగులో నోరు తెరవాలంటేనే బెదురు. నానమ్మ ఏదైనా అడిగితే యెస్ అనో నో అనో తప్పించుకునేదాన్ని.

ఒకరోజు భోజనాల దగ్గర నానమ్మ, "ఒరే, నన్ను పంపించెయ్యరా," అంది నాన్నతో. "మీరు నాకేదో తక్కువ చేశారని కాదు. పొద్దస్తమానం మాట్లాడే దిక్కు లేక పిచ్చెక్కుతోంది."

"సరేనమ్మా. ఏజెంట్‌కి కాల్ చేసి టికెట్ ముందుకు జరుపుతారేమో కనుక్కుంటా," అన్నాడు నాన్న. అమ్మ ఏదో తేవాలన్నట్టు వంటింట్లోకి వెళ్ళి కాసేపటి దాకా రాలేదు.

సరిగ్గా ఆ వారమే మా టీచర్, ఇంట్లో పెద్దవాళ్ళను మాట్లాడించి వీడియో తీసుకురమ్మంది. నాన్న స్నేహితుడైన అంకుల్ ఒకాయన భుజం మీద మోసేంత పెద్ద కెమెరా, దాని స్టాండూ ఇచ్చారు. శనివారం పొద్దున నానమ్మను పెరట్లో కూర్చోబెట్టి, కెమెరా వెనక కన్ను ఆనించి, టీచర్ ఇచ్చిన ప్రశ్నలు నాకు చేతనైన తెలుగులో అడగడం మొదలుపెట్టాను.

"నానమ్మా, నువ్వు చిన్నప్పుడు ఏం చేసేది?"

"ఏముందే, ఏమీ లేదు."

"నీకు ఏం ఇష్టం?"

"అన్నీ ఇష్టమే."

పాస్‌పోర్ట్ ఫొటోకు కూర్చున్నట్టు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, రెప్పవేయకుండా కెమెరాను చూస్తోంది పాపం. నాకు ఏడుపొచ్చేసింది.

కంచె అవతల నుంచి ఇటలీ తాతగారు ఇదంతా చూస్తున్నారని నాకు తెలియదు. రావచ్చా అని అడిగి, గేటు తీసుకుని వచ్చారు. ఆయన ఇంగ్లీషు మాటలకు చివర ఒక అచ్చు తగిలించి పలికేవారు, నానమ్మ బస్సు, కారు అన్నట్టుగా. నానమ్మకు చేతులు జోడించారు. కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోందని చూసుకుని, పక్కనే ఉన్న స్టూలు లాక్కుని, చెంప దాదాపు లెన్సుకు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. ఆ తర్వాత చేసిన పని చూసి నేను ఏడుపు మర్చిపోయాను. ఆయన ఇంగ్లీషు మానేసి, నానమ్మతో ఇటాలియన్‌లో కబుర్లు మొదలుపెట్టారు.

నానమ్మ నా వైపు చూసింది. నాకూ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన మాత్రం ఆపలేదు. మొక్కలు చూపిస్తూ, కనుబొమలు ఎగరేస్తూ, ఏదో అడిగి జవాబు కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు. నానమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా ఎంత శ్రద్ధగా అడుగుతున్నాడే!" అంది. ఆయన వైపు తిరిగి, "మీ టమాటాలు బానే ఉన్నాయి గానీ బాబూ, బొత్తిగా పులుపు లేదు. పప్పులోకి పనికిరావు," అని తెలుగులోనే తీర్పు చెప్పింది. ఎంతో విలువైన సంగతి విన్నట్టు ఆయన తల ఊపారు.

అప్పుడు లేచి, నన్ను ఆ స్టూలు మీద కూర్చోబెట్టారు. నా చేతిలోని ప్రశ్నల కాగితం మడిచి తన జేబులో పెట్టేసుకున్నారు.

"మరి కెమెరాను ఎవరు చూసుకుంటారు?" అన్నాను ఇంగ్లీషులో.

"చూడటం దానికి వచ్చు. వినడం రాదు. అది నీ పని," అన్నారు.

కాగితం లేకపోయేసరికి ఏం అడగాలో తోచలేదు. ఆయన గురించే చెబుదామనుకున్నాను. "నానమ్మా, ఈ తాత సినిమా చేసేవాడు. ఇటలీలో. డైరెక్టర్."

నానమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "సినిమా ఆయనా? ముందే చెప్పవేం! నేనూ సినిమా ఆడించినదాన్నే."

అలా మొదలైంది. మా తాతయ్య ఊరూరా డేరా వేసే టూరింగ్ టాకీసులో ఆపరేటరట. నానమ్మ రోజూ ఆయనకు అన్నం పట్టుకెళ్ళి, మిషను పక్కన నిలబడి ఆయన పని చూస్తుండేదట. ఒకనాడు తాతయ్యకు జ్వరం వచ్చి పడిపోయాడు. డేరా నిండా జనం. ఆట మొదలుకాక ఈలలు వేస్తున్నారు. నానమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని క్యాబిన్‌లోకి వెళ్ళి, కార్బన్ కడ్డీలు దగ్గరికి జరిపి వెలుగు పుట్టించి, బొమ్మ వేసేసింది.

"కడ్డీ అంటే?" అని అడిగాను. నానమ్మ నవ్వలేదు. రెండు చూపుడువేళ్ళు ఎదురెదురుగా పెట్టి, ఆ మధ్యలో నిప్పు ఎలా పుడుతుందో చూపించింది.

"ఒక్కటే మిషను. రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆపి ఇంకోటి ఎక్కించాలి. ఇంటర్వెల్ దాకా తంటాలు పడ్డానే. ఆ తర్వాత చెయ్యి తిరిగింది. మీ తాతయ్య లేచేదాకా నేనే ఆడించాను. లోపల ఉన్నది ఆడమనిషని ఆ జనంలో ఒక్కళ్ళకీ తెలీదు!"

వెనక నిలబడ్డ తాతగారు రీలు, కార్బన్ అన్న మాటలకే చెవులు రిక్కించారు. ఇంటర్వెల్ అనగానే "ఇంతెర్వాల్లో!" అని కేకపెట్టారు. నేను తడుముకుంటూ మిగతాది ఇంగ్లీషులో చెప్పాను. విని, ఆయన నానమ్మ ముందు తల వంచారు. "జీవితమంతా సినిమాలు తీశాను. వాటిని జనానికి చూపించిన మనిషితో ఇలా ఎప్పుడూ కూర్చోలేదని చెప్పు," అన్నారు. ఆ మాట తెలుగులోకి తేవడానికి నేను ఎంత కష్టపడ్డానో! నానమ్మ కళ్ళు తుడుచుకుంది. క్యాసెట్ అయిపోయినా ఆవిడ కబుర్లు ఆగలేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ ఆయన తన సంగతి చెప్పారు. సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో, నటులు దొరక్క, జాలరివాళ్ళతోనే మొదటి సినిమా తీశారట. జాలరి భార్య వేషం కన్నతల్లికే ఇచ్చారు. మొగుడు పడవతో పాటు మునిగిపోయాడని చెప్పే సన్నివేశం. పొద్దు వాలిపోతోందన్న కంగారులో ఈయన కెమెరా వెనకే ఉండిపోయారు. ఆవిడ బాగా చేసింది. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ, "ఇంతకీ నేను ఎవరితో చెప్పుకున్నానురా? నువ్వు కనపడలేదు," అందట. మర్నాడు ఆ సన్నివేశం మళ్ళీ తీశారు, ఈసారి కెమెరా పక్కన కూర్చుని. ఆ సినిమాకు పెద్ద పేరొచ్చింది. తర్వాత రంగులొచ్చాయి, స్టార్లు వచ్చారు, ఎంతో ఖర్చుపెట్టిన సినిమా ఒకటి ఘోరంగా పోయింది. పిలిచేవాళ్ళు లేక సబ్బుల ప్రకటనలు తీశారు. "సబ్బుకు కూడా పక్కనే కూర్చున్నాను," అని గట్టిగా నవ్వారు. ఆయన డైరెక్టరని మా అమ్మ నమ్మింది అప్పుడే.

సాయంత్రం నాన్న ఆ వీడియో నిలబడే చూశాడు. నాన్న కడుపులో ఉండగానే తాతయ్య టాకీసు మానేశాడట. "అమ్మా, ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు. "ఇంతసేపు ఎవరు కూర్చున్నార్రా నా దగ్గర?" అంది నానమ్మ, మామూలుగానే. నాన్న ఆవిడ కాళ్ళ దగ్గర కార్పెట్ మీద కూర్చుండిపోయాడు. టికెట్ మాట ఇక ఎవరూ ఎత్తలేదు. ఆరు నెలలూ నిండాకే ఆవిడ వెళ్ళింది. ఈలోగా నాకు అక్షరాలు దిద్దించింది. నేనిప్పుడు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ చలవే.

తాతగారు, నానమ్మ ఇద్దరూ పోయి చాలాకాలమైంది. నేను చాండ్లర్ అనే ఊళ్ళో పెద్దవాళ్ళను చూసే డాక్టర్‌ని. నాకూ జుట్టు నెరిసింది. పేషెంట్ మాట్లాడుతుంటే టైప్ చేసుకుంటే టైమ్ కలిసొస్తుందని కొత్తగా చేరిన డాక్టర్లు నాకు సలహా ఇస్తుంటారు. నేను మాత్రం స్క్రీన్ పక్కకు తిప్పేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, తొందరేం లేదు చెప్పండి అంటాను. ఎదుటి మనిషి భుజాలు మెల్లగా దిగి, అసలు సంగతి బయటికి వస్తున్నప్పుడు, ఆ ఇటలీ తాతగారికి మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.