ఇంకాలేదు మేస్త్రీ

మా మేస్త్రీ గారి నోట "అయిపోయింది" అన్న మాట పుట్టదు. అన్నం తిని చెయ్యి కడుక్కుని వస్తున్న మనిషిని "భోజనం అయిందా మేస్త్రీ గారూ?" అని అడిగినా సరే, ఒక్క క్షణం ఆగి, పళ్ళ సందుల్లో నాలుకతో వెతుక్కుని, "ఇంకా లేదు" అంటారు. అందుకే ఆయన పేరు ఇంకాలేదు మేస్త్రీ. అసలు పేరు జీతాల గుమాస్తాకొక్కడికే తెలుసు. మొన్న అడిగితే ఆయనా కాసేపు బుర్ర గోక్కున్నాడు.

మాది పాత యుద్ధవిమానాల మ్యూజియం. ఏ గోదాముల్లోనో తుప్పుపట్టి పడి ఉన్నవాటిని తెచ్చి, వెనక షెడ్డులో విప్పి, గీకి, అతికి, రంగు వేసి ముందు హాల్లో నిలబెడతారు. ఒక్కటీ ఎగరదు. ఎగరాలని ఎవరూ అడగరు కూడా. నేను అక్కడ గైడుని. విమానాల గురించి ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. షెడ్డులో ఓ మూల స్టూలు వేసుకుని మేస్త్రీ గారు పనివాళ్ళను తిడుతుంటే విని నేర్చుకున్న చదువు నాది. ఆయన తిట్లలో ఇంజను మొత్తం ఉంటుంది, ఓపిగ్గా ఏరుకోవాలంతే.

ఒకసారి ఓ ఫిట్టరు విసిగిపోయి అడిగాడు. "మేస్త్రీ గారూ, ఎగరని విమానం. లోపలెక్కడో బోల్టు. దాని మీద మూత. మూత మీద ఇంకో మూత. అది సగం చుట్టు వదులుగా ఉందని ఎవడికి తెలుస్తుందండీ?"

"ఎవడికీ తెలీదు."

"మరి?"

"బోల్టుకి తెలుస్తుంది. విప్పు."

రెండేళ్ళ కిందట ఆయన రిటైరయ్యారు. అంటే మేమంతా అలా అనుకున్నాం. సభ పెట్టాం, మంచి మాటలు చెప్పుకున్నాం, గోడ గడియారం ఇచ్చాం. మర్నాడు ఎనిమిదింటికి గడియారం చంకలో పెట్టుకుని షెడ్డుకి వచ్చేశారు. "రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతోందయ్యా ఇది" అని దాన్ని బల్ల మీద విప్పి పరిచారు. డైరెక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. "మేస్త్రీ గారూ, మీరు నిన్న రిటైరయ్యారు కదండీ!" ఆయన తల ఎత్తకుండానే "ఇంకా లేదమ్మా" అన్నారు. ఆమె నిట్టూర్చి, జీతం లేని గౌరవ సలహాదారు అని ఒక కాగితం పుట్టించింది. ఆ గడియారం ఇప్పటికీ బల్ల మీద ముక్కలుగానే ఉంది.

ఆయన భార్య ఒకసారి మ్యూజియం చూడటానికి వచ్చారు. "మీ పెళ్ళయి ఎన్నేళ్ళయిందమ్మా?" అని మాటవరసకి అడిగాను. "నా లెక్కకి ముప్పయ్యెనిమిదేళ్ళు నాయనా. ఆయన్ని మాత్రం అడక్కు" అన్నారు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. పిన్ని దగ్గరకు వచ్చేసరికి మాత్రం మా అందరికీ నవ్వే ఓపిక పోయింది.

పిన్ని అంటే మేము పెట్టుకున్న పేరు. అదొక శిక్షణ విమానం. ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు, బుర్రముక్కు, పొట్టి రెక్కలు. కుర్ర పైలట్లు మొట్టమొదట దీని మీదే తడబడి నేర్చుకునేవారు. అందరినీ ఓర్చుకుంది కాబట్టి పిన్ని. సందర్శకులను షెడ్డు కిటికీ దగ్గర నిలబెట్టి దీని గురించి నేను రోజుకు ఆరుసార్లు చెప్పాలి. మూడో ఏడు వచ్చేసరికి నిద్రలో లేపినా చెప్పే స్థితికి వచ్చాను. వింటున్నవాళ్ళు కూడా దాదాపు నిద్రలోకి వెళ్ళే స్థితికి వచ్చారు. చివర్లో ఎవరో ఒకరు "హాల్లోకి ఎప్పుడొస్తుందండీ?" అంటారు. నేను లోపలికి చూస్తాను. మేస్త్రీ గారు రెక్క కింద పడుకుని టార్చి కొడుతూ ఉంటారు. "ఇంకా లేదండీ" అంటాను. ఆ జబ్బు నాకూ అంటుకుంది.

ఇక్కడ పనికి ఒక వరస ఉంది. ముందు ఇనప పని అంతా కావాలి. మేస్త్రీ గారు లోపాల పుస్తకంలో "లోపం లేదు" అని రాయాలి. రోజూ కనిపెట్టిన లోపాలు అందులో ఎక్కుతాయి, సాయంత్రం డైరెక్టరమ్మ సంతకం పెడుతుంది. "లోపం లేదు" అని పడ్డాకే పెయింటరు షెడ్డులో అడుగు పెడతాడు. రంగంతా వేశాక, ఆఖరున తోక మీద నంబరు రాస్తాడు.

మా పెయింటరు ఆ నంబర్లు చేత్తో రాస్తాడు. అచ్చులుండవు, స్టిక్కర్లుండవు. హాల్లో ఉన్న పద్నాలుగు విమానాల తోకల మీదా ఉన్నది అతని చేతిరాతే. మేస్త్రీ గారికీ అతనికీ ఏ చుట్టరికమూ లేదు గానీ ఒకర్నొకరు "బావా" అని పిలుచుకుంటారు. తిట్టుకోవడానికి వీలుగా ఉంటుందని పెట్టుకున్న వరస.

"మూడేళ్ళు నేను నడుం విరగ్గొట్టుకుంటే, మూడు రోజులు వచ్చి మూతికి పౌడరు రాసిపోతావు" అని ఈయన.

"చూసేవాళ్ళు ఆ పౌడరునే చూస్తారు బావా, నీ ఎముకలెవడిక్కావాలి?" అని అతను.

పోయిన వానాకాలం పెయింటరుకి పక్షవాతం వచ్చింది. కాలు కొంత తేరుకుంది, కుడిచెయ్యి తేరుకోలేదు. ఇంకో ఏడాదైతే రిటైరవుతాడు, పిన్నే అతని చివరి విమానం. మేమంతా పళ్ళు పట్టుకుని ఒకసారి వెళ్ళి చూసొచ్చాం. ఆ తర్వాత ఎవరి తిప్పల్లో వాళ్ళం పడిపోయాం. సిగ్గుపడాల్సిన మాటే, కానీ అదే జరిగింది.

అప్పటికి పిన్ని ఇనప పని మా కంటికి పూర్తిగా ముగిసింది. మేస్త్రీ గారి కంటికి అప్పుడే మొదలైంది. తోక దగ్గర రివెట్లు సరిగా కూర్చోలేదన్నారు, పీకి మళ్ళీ వేశారు. వెనక సీటు కిరకిరమంటోందన్నారు. సీటు పట్టాలు మార్చారు. ఈసారి ముందు సీటు మరీ నిశ్శబ్దంగా ఉందన్నారు. ప్రారంభోత్సవం తేదీ నాలుగుసార్లు మారింది. నాలుగోసారి డైరెక్టరమ్మ షెడ్డులోకి వచ్చి, కుర్చీ కనబడక రంగుడబ్బా బోర్లించి కూర్చుంది.

"మేస్త్రీ గారూ, పిన్ని ఎప్పటికవుతుంది?"

"ఇంకా లేదమ్మా."

"లేదని తెలుసండీ. ఎప్పటికని అడుగుతున్నాను."

"అయ్యేనాటికి అవుతుంది."

ఆమె కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. "పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే వారం వాళ్ళ అధికారి వస్తున్నాడు. మన జాప్యానికి కారణం ఆయనకి నచ్చకపోతే మిగతా పని బయటి కంపెనీకి ఇచ్చేస్తారు. వాళ్ళు మిషనుతో రంగు కొట్టి, నంబరు స్టిక్కరు అంటించి పోతారు. అప్పుడిక మిమ్మల్ని షెడ్డులోకి రానివ్వద్దని కూడా రాశారు."

మేస్త్రీ గారు స్పానరు తుడుస్తూ, "స్టిక్కరా?" అన్నారు. తన సంగతి ఆయన చెవికెక్కినట్టే లేదు.

ఆ అధికారికి చూపించడానికి లోపాల పుస్తకం శుభ్రంగా తిరగరాయాలని ఆ పని నాకు అప్పగించారు. జాప్యం జరిగిన పదకొండు నెలల లోపాలు. మూడు రోజులు రాశాను, వేళ్ళు కొయ్యబారిపోయాయి. మూడో రోజు మధ్యాహ్నం ఒక వాక్యం సగం రాసి కలం ఆపేశాను. అందులో ఉన్నది ఇది: "చక్రాలు లోపలికి ముడుచుకోవడంలో బిగుతు. సరిచూడాలి."

పిన్ని చక్రాలు ముడుచుకోవు. బిగుతై కాదు, వాటి నిర్మాణమే అంత. కొంగకాళ్ళలా ఎప్పుడూ కిందికే ఉంటాయి. రోజుకు ఆరుసార్లు నేను చెప్పే మాటే అది, నాకు నేర్పింది ఈయనే. లేని కీలుకి ఈయన బిగుతు కనిపెట్టారు!

పుస్తకం పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. "మేస్త్రీ గారూ, ఇదేంటండీ?"

కళ్ళజోడు సర్దుకుని చదివారు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆరోజు ఏదీ దొరకలేదయ్యా" అన్నారు చిన్నగా. కాసేపటికి, "సాయంత్రం ఖాళీయేనా? నాతో రా" అన్నారు.

పెయింటరు ఇంటికి తీసుకెళ్ళారు. తలుపు తీసిన అతని భార్య "రండి అన్నయ్య గారూ, మీ క్లాసు మొదలైపోయింది" అంది. లోపల అడుగుపెట్టి నేను బిత్తరపోయాను. తలుపు మీద ఏడు. బీరువా మీద ఏడు. నీళ్ళ డ్రమ్ము చుట్టూ నాలుగూ ఏడూ ఏడూ, నాలుగూ ఏడూ ఏడూ. అది పిన్ని తోక నంబరు. గుమ్మం దగ్గరి ఏడులు తాగినవాడిలా తూలుతున్నాయి. వంటగది వైపు వెళ్తున్నకొద్దీ నిటారుగా నిలబడుతున్నాయి. పెయింటరు ఫ్రిజ్ ముందు కూర్చుని ఎడం చేత్తో కుంచె పట్టుకుని ఉన్నాడు.

"వచ్చావా బావా! ఇవాళ్టివి చూడు."

మేస్త్రీ గారు టార్చి తీసి ఒక్కో అంకె మీదా కొట్టి చూశారు. "నాలుగు పర్వాలేదు. ఏడు కాలు వంకర. ఇంకా లేదు."

"ఓర్నీ! నా ఏడుకి వంకలు పెట్టే ముందు నీ పని తెముల్చుకోవయ్యా." అతను నా వైపు తిరిగాడు. "చూశారా తమ్ముడూ, ఈ మనిషి చేతకానితనం! పదకొండు నెలలు. ఒక్క పొట్టి విమానం. అక్కడికి నేను ఎడం చేత్తో రాయడం నేర్చేసుకున్నాను, ఈయన కుడి చేత్తో బోల్టు బిగించలేకపోతున్నాడు. ఈయన తెమిలితే నేను వచ్చి మూడు రోజుల్లో ముగించనూ?"

నేను నోరు తెరిచాను. మేస్త్రీ గారు నా కాలు తొక్కారు. బూటు కాలితో.

"ఏం చెయ్యను బావా, ఎక్కడ పట్టుకున్నా ఏదో ఒకటి తేలుతోంది" అని టార్చి ఆర్పేశారు.

దారిలో అడిగాను. "నిజం చెప్పేయొచ్చు కదండీ?"

"నీ కోసం ఆపానని చెబితే ఇక రాయడయ్యా. నాకు చేతకావట్లేదంటే పంతానికి రాస్తాడు" అన్నారు. "ఇంకో మూడు వారాలు. ఆ ఏడు నిలబడుతుంది."

ఆ వాక్యం నేను తిరగరాతలో ఎగరగొట్టేయాల్సింది. కానీ అసలుకీ నకలుకీ తేడా వస్తే ఆయన మెడకే చుట్టుకుంటుందని ఉన్నదున్నట్టు రాసేశాను. ఎవడు చదువుతాడులే అనుకున్నాను.

అధికారి వచ్చాడు. చదివాడు. చదవడమే కాదు, నకలు చేత్తో పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. "ఈ విమానం గురించి కొంచెం చెప్పండి" అన్నాడు నాతో. అంతే, నా నోరు దాని దారిన అది పోయింది. సీట్లు, ముక్కు, రెక్కలు, "దీని చక్రాలు మాత్రం ముడుచుకోవండీ, కొంగకాళ్ళలా..." అనేసి, కొంగ దగ్గర ఆగిపోయాను. అప్పటికే ఆలస్యమైంది.

అధికారి కాగితం తిప్పాడు. "ముడుచుకోవడంలో బిగుతు అని రాసుంది. మీ దస్తూరీయే అనుకుంటా?"

మేస్త్రీ గారు స్పానరు కింద పెట్టారు. పెయింటరు బతుకులో చివరి తోక స్టిక్కరు పాలవుతోందని ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. నేను భూమిలోకి దిగిపోవడానికి సందు వెతుక్కుంటున్నాను.

డైరెక్టరమ్మ కాగితం అందుకుంది. తీరిగ్గా చదివింది. అలసిపోయిన గొంతుతో, "అదేనండీ, ముడుచుకోవడం లేదు కదా" అంది. "అందుకే లోపమని రాశారు."

అధికారి చక్రాల వైపు చూశాడు. నిజమే, అవి ముడుచుకోలేదు. "అవునవును" అన్నాడు. "ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు వారాలు" అన్నారు మేస్త్రీ గారు. ఆయన ఒక గడువు చెప్పడం మేమెవ్వరం అంతకుముందు వినలేదు.

"సరే, మూడు వారాలే. ఇక పొడిగింపు లేదు" అని రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన కారు గేటు దాటాక డైరెక్టరమ్మ కాగితం నా చేతిలో పెట్టింది. "సంతకం పెట్టే ముందు చదివే అలవాటు నాకూ ఉందండీ మేస్త్రీ గారూ. ఈసారి కాస్త నమ్మేలా రాయండి" అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఇంతకీ అతని చెయ్యి ఎలా ఉంది?"

మూడు వారాలకి పెయింటరు వచ్చాడు. మూడు రోజులన్న పని తొమ్మిది రోజులైంది, ఎవరూ లెక్కపెట్టలేదు. పిన్ని హాల్లోకి వచ్చిన రోజున రెండు మాటలు చెప్పమంటే అతను కర్ర సాయంతో వేదికెక్కి మైకు అందుకున్నాడు. "ఇనప పనివాళ్ళు పదకొండు నెలలు నానబెట్టారు. నేను ఎడం చేత్తో తొమ్మిది రోజుల్లో ముగించాను. ఆలస్యం ఎవరి వల్ల జరిగిందో మీరే తేల్చండి!" హాలంతా గొల్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మేస్త్రీ గారు. డైరెక్టరమ్మ నేల చూసింది. నాకు దగ్గొచ్చింది.

దిగేటప్పుడు మేస్త్రీ గారు మెట్టు దగ్గరికెళ్ళి చెయ్యి అందించారు.

"ఇప్పటికైనా ఒప్పుకుంటావా బావా?" అన్నాడు పెయింటరు, ఆ చెయ్యి పట్టుకుని దిగుతూ.

"ఒప్పుకోక చస్తానా. వయసైపోయింది బావా. చెయ్యి ఆడట్లేదు."

పెయింటరు ఆగాడు. ఆయన్ని ఎగాదిగా చూశాడు. ముఖంలో వెక్కిరింపు పోయి జాలి వచ్చింది.

"దానికంత దిగులెందుకు బావా? ఎడం చేత్తో మొదలుపెట్టు. రేపు ఇంటికి రా, నేర్పిస్తాను."

మేస్త్రీ గారు బుద్ధిగా తలూపి, ఎన్నింటికి రమ్మంటావని అడిగారు.