ఆపొద్దన్న బండి

ఫిల్మ్‌నగర్ ఎత్తులో బండి ఆగిపోయింది. కిక్కు కొట్టీ కొట్టీ నా కాలు పడిపోయింది. షూటింగ్‌లో పొద్దుటినుంచీ శవంగా పడుకుని వస్తున్న మనిషెవరో, నుదుటి మీద రంగు నెత్తురుతోనే వచ్చి, కిక్కును చేత్తో నొక్కాడు. మెత్తగా దిగిపోయింది.

"కంప్రెషన్ లేదన్నా."

ప్లగ్గు విప్పి, లోపల కాస్త ఇంజనాయిల్ పోసి, బిగించి మళ్లీ నొక్కాడు. ఈసారి కిక్కు చేతికి లొంగలేదు.

"పిస్టన్ రింగులు అరిగినయ్. జర్ర దూరం నడుస్తది. ఆపకు, ఆపితే మళ్ల స్టార్ట్ గాదు."

బండి అందుకుంది. కృష్ణానగర్‌లో తన గల్లీ గుర్తులు చెప్పి వెనక ఎక్కాడు. దిగువకు రాకముందే నా వీపు మీద తలవాల్చి నిద్రపోయాడు. చొక్కాకి అంటిన ఆ రంగు ఇప్పటికీ వదల్లేదు.

గల్లీ వచ్చింది. లేపబుద్ధి కాలేదు. ఇంకో చుట్టు తిప్పాను, ఆపైన మరో చుట్టు.

ఉలిక్కిపడి లేచాడు. "గల్లీ దాటినమా అన్నా?"

"ఆపొద్దన్నారు కదండీ," అన్నాను.