ఫిన్లాండ్ వాజ్‌లో సున్నుండలు

నా సేకరణలోకి ఇంకో గాజు ముక్క ఈ గుమ్మం ఎక్కితే తాను గుమ్మం దిగుతానని మా ఆవిడ శిరీష తేల్చి చెప్పిన వారానికే, ప్రిన్స్‌టన్ దగ్గర ఒక పాత ఇంట్లో సామాన్లు అమ్ముతున్నారని తెలిసింది. ఫొటోలో ఓ మూల యాభైల నాటి ఫిన్లాండ్ పూల వాజ్ ఉంది. పొగరంగు గాజు, అలలు తిరిగిన అంచు. దానికోసం ఏళ్ళుగా నా కళ్ళు కాయలు కాచాయి. ఎడిసన్‌లో లలిత ఆంటీని చూసొస్తానని ఇంట్లో చెప్పాను. పూర్తి అబద్ధమేమీ కాదు, ఎడిసన్ దారిలోనే ఉంది.

2009 జూన్, మొన్నటి శనివారం. పొద్దున్నే జెర్సీ సిటీలో బయల్దేరి, నెవార్క్‌లో రైలు మారి, ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో దిగి టాక్సీ ఎక్కాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకో సలహా: టిఫిన్ ఇంట్లోనే తినండి. స్టేషన్‌లో కొన్న బేగల్ అనే గట్టి రొట్టెని నమలడానికే నాకు సగం ప్రయాణం పట్టింది.

అక్కడ అప్పటికే క్యూ. నా ముందున్న పెద్దావిడ "దేనికొచ్చావు?" అని అడిగింది. పోటీకి వస్తుందేమోనని "మిక్సీకి" అన్నాను. ఆ ఇంటి పక్కింటావిడట. చెయ్యి పట్టుకుని నేరుగా వంటింట్లోకి లాక్కెళ్ళింది. మిక్సీ వైరు తెగి ఉండబట్టి బతికిపోయాను. వాజ్ కిటికీ దగ్గర దొరికింది. అడుగున సూదితో గీసిన, తయారుచేసినవాడి సంతకం చూడగానే బేరమాడకుండా డబ్బు కట్టి సంచిలో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఎడిసన్‌లో ఆంటీ ఇంట్లో పప్పుచారు, గుత్తి వంకాయ. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆంటీ నా సంచిలోంచి వాజ్ తీసి, నేతితో చేసిన సున్నుండలు అంచుదాకా నింపేస్తోంది.

"ఆంటీ! అది షోకేస్‌లో పెట్టుకునేది!"

"ఏదైతేనేం నాయనా, ఖాళీ గిన్నె మా గుమ్మం దాటకూడదు."

తిరుగు రైల్లో ఎదురు సీటాయన కళ్ళజోడు సర్దుకుని, "ఫిన్లాండ్‌ది కదూ?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక సున్నుండ ఇచ్చాను. తిని, "ఫిన్లాండ్‌వాళ్ళు ఇంత బాగా వండుతారని తెలీదు" అన్నాడు.

సాయంత్రం తలుపు తీసిన శిరీషకి వాజ్ అలాగే అందించాను. ఒక సున్నుండ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"ఆంటీ ఎంత మంచి గిన్నెలో పెట్టి పంపిందో! గాజంటే ఇలా ఉండాలి. నువ్వు తెచ్చేవీ ఉన్నాయి, ఎందుకూ!"

నాదేనని చెబితే గుమ్మం దిగుతుంది. అవునన్నట్టు తలూపాను.

"ఇవి అయిపోగానే జంతికలు వేస్తా. ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. నువ్వే వెళ్ళి ఇచ్చిరా" అంది.

మొత్తానికి ప్రయాణం సుఖంగానే జరిగింది, దారి మంచిది, మనుషులు మరీ మంచివాళ్ళు. సున్నుండలు ఉన్నన్నాళ్ళే వాజ్ మా ఇంట్లో ఉంటుంది. అందుకని నేను పూటకి సగమే తింటున్నాను. శిరీష రెండేసి తింటోంది.