గంజి పెట్టిన కాగితం

మొన్న ఆదివారం కరీంనగర్‌లో అద్దె గది మారుతూ నా డిప్లొమా నాటి ల్యాబ్ రికార్డులు దులుపుతుంటే, ఒకదాంట్లోంచి గోధుమరంగు కాగితం ఒకటి జారిపడింది. అలవాటు కొద్దీ స్కేలు పెట్టి కొలిచాను. ఇరవై సెంటీమీటర్ల పొడవు, పద్నాలుగు వెడల్పు, అంచులు ఎలుక కొరికినట్టు వంకరటింకర. ఇన్నాళ్లూ దానికి అటూ ఇటూ ఉన్న రెండు పేజీల మీద నూనె మరక. ఆ మరక మా అవ్వ చేతిది. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం.

డిప్లొమా రెండో ఏడాది ఎండాకాలం సెలవుల్లో అక్క కూతుళ్లిద్దరూ మా ఇంటికి వచ్చారు. పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఐదు. బావ అప్పటికి దుబాయి వెళ్లి రెండేళ్లు. అంతకు ముందు మా వీధిలోనే నేతపని చేసేవాడు. ఒక శుక్రవారం ఫోన్లో పెద్దది, "బాపూ, మామ, నేను గలిసి కాయితం తయారు జేస్తం, దాని మీదనే నీకు ఉత్తరం రాస్త" అంది. ఆయన నవ్వి, "కాయితం నువ్వు జేస్తవా? మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆ నవ్వు దానికి నచ్చలేదు. వచ్చే గురువారం పక్కింటాయన సెలవు ముగించుకుని దుబాయి వెళ్తున్నాడు. మామిడికాయ తొక్కుతో పాటు ఉత్తరం కూడా ఆయన చేతికి ఇవ్వాలని పట్టుబట్టింది. వారం వారం ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారుగా, ఉత్తరమెందుకని అడిగాను. "ఫోను మాట్లాడినంక కట్టయితది మామా. కాయితమైతే బాపు జేబుల ఉంటది" అంది.

అలా ఆరు రోజుల గడువు. నోటుబుక్కులో దశలన్నీ రాసుకున్నాను. పెరట్లో ఎండిన పుంటికూర, అదే గోంగూర, కట్టెలు నానబెట్టి నార తీయడం, బట్టల సోడా వేసి మూడు గంటలు ఉడకబెట్టడం, జారుడు పోయేదాకా కడగడం, రోట్లో దంచడం. పాత ఫొటో ఫ్రేముకు దోమతెర బిగించి జల్లెడ చేశాను. గాబు నీళ్లలో గుజ్జు కలిపి, జల్లెడను అడుగు నుంచి మెల్లగా పైకెత్తితే, దాని మీద పలచని పొర నిలవాలి. ఉడికే కుండలోంచి వచ్చే వాసనకు అవ్వ ముక్కు మూసుకుంది. "ఆకు మేం తింటిమి, కట్టెలు నువ్వు వండుతున్నవ్. గిందుకేనారా నిన్ను డిప్లొమా చదివిచ్చింది?"

మొదటిసారి వచ్చిన కాగితం ఒక్కటే, జొన్నరొట్టె మందం. పనికిరాదని పక్కన పడేస్తే చిన్నది తీసుకెళ్లి తన బొమ్మకు పరుపు చేసుకుంది. రెండోసారి నాలుగు పలచగా, సమంగా వచ్చాయి. బట్ట పరిచి, పైన ఇసుర్రాయి పెట్టి, ఎండబెట్టి, మంగళవారం పెద్దదాని చేతికి పెన్నిచ్చాను. 'బాపు' అని రాసింది. సిరా పాకి రెండక్షరాలూ రెండు మచ్చలయ్యాయి. అది ఏడవలేదు. నా మొహం చూస్తూ నిలబడింది. అంతకంటే ఏడ్చినా బాగుండేది.

అవ్వ వచ్చి ఆ మచ్చను వేలితో తడిమింది. "గంజి పెట్టినవా?"

"కాయితానికి గంజేంది అవ్వా?"

"పడుగుకు గంజి వెట్టకుండ ఎన్నడన్న నేసినమా? నారేనాయె, దారమేనాయె. గంజి లేకుంటె ఏదైనా తాగుతది."

నా నోటుబుక్కులో ఆ దశే లేదు. అవ్వ అటక మీది నుంచి పడుగు దారాలకు గంజి పూసే కుంచె దింపింది. ఇంట్లో మగ్గం తీసేశాక దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. బుధవారం పొద్దున్నే గంజి కాచి, మిగిలిన మూడు కాగితాలకూ కుంచెతో పొడుగ్గా, ఒక్క గీతా తప్పకుండా పూసింది. ఎండలో అవి మెరుస్తుంటే నాకు గర్వంగా అనిపించింది. తీరా రాయబోతే పెన్ను జారింది. సిరా చిన్న చిన్న బొట్లుగా పైనే నిలబడింది.

"గంజిల ఏమన్న కలిపినవా అవ్వా?"

అవ్వ చేతిలోని కుంచె కింద పెట్టింది. "చెంచెడు పల్లినూనె" అంది చివరికి. "దారం తెగకుండ ఎప్పుడూ ఏస్తం గద. చెయ్యి దానంతటదే పోయింది." మా అవ్వ తలదించుకోవడం నేను చూసింది తక్కువ.

మళ్లీ నార ఉడకబెట్టడానికి సమయం లేదు. ఇంట్లో గంజి తగలని, సిరా మచ్చ పడని కాగితం ఒక్కటే ఉంది, దాని మీద బొమ్మ పడుకుని ఉంది. చిన్నది దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఇయ్య. నా బొమ్మ కింద పండాల్నా?" అంది. పెద్దది బతిమాలింది, బొట్టుబిళ్లలు ఇస్తానంది. ఆఖరికి చిన్నదే షరతు పెట్టింది: "నా పేరు ముంగట రాయాలె." పెద్దదానికి అది మింగుడుపడలేదు. అయినా ఒప్పుకుంది.

ఈసారి గంజి కాచేముందు అవ్వ నూనెసీసాను నా చేతికిచ్చి దూరంగా పొమ్మంది. సాయంత్రానికి కాగితం ఆరింది. సిరా కదలకుండా నిలిచింది. మడత పడనంత మందం కాబట్టి ఉత్తరాన్ని తొక్కు డబ్బాకు ఆనించి, అట్టలా నిలబెట్టి పంపాం.

తర్వాతి శుక్రవారం కాకుండా ఆ పై శుక్రవారం బావ ఫోన్ చేశాడు. ఉత్తరంలో ఏం రాసి ఉందో ఆయన మాట్లాడలేదు. "బిడ్డా, కాయితం గంజి వాసనొస్తున్నది" అన్నాడు. "మన మగ్గం కాడ కూసున్నట్టే ఉన్నది."

వెనక నుంచి అవ్వ గట్టిగా అరిచింది. "నూనె ఎయ్యలే, గందుకే గంత వాసన!"

పెద్దది ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న దొరికిన కాగితం ఆ మూడింట్లో ఒకటి. ఊరికే పెన్ను తీసి దాని మీద 'బాపు' అని రాసి చూశాను. సిరా పాకలేదు, పెన్ను జారలేదు. నూనెంతా రికార్డు పేజీలు మెల్లగా పీల్చేసుకున్నాయి. ఆ బుధవారం ఆ కాగితానికి కావలసినవి ఇంకొన్ని ఏళ్లే. మా దగ్గర ఉన్నది ఒక్క సాయంత్రం.